పంతొమ్మిది పేపర్ల మనిషి

నాలుగేళ్ల క్రితం ఒక విద్యాసంస్థ జీవశాస్త్ర విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూలు పెట్టి, సబ్జెక్టు నిపుణుడిగా రమ్మని నన్ను పిలిచింది. హనుమకొండలో తెల్లవారుజామునే బయలుదేరి వెళ్లాను. కమిటీ గదిలో ఒక్కొక్కరి ముందు ఒక ఎక్సెల్ షీటు ప్రింటు పెట్టి ఉంది. అభ్యర్థి పేరు, అచ్చైన మొత్తం పరిశోధన పేపర్లు, వాటికి వచ్చిన మొత్తం సైటేషన్లు (అంటే ఇతర పేపర్లలో వాటి ప్రస్తావనలు), ఈ రెంటినీ కలిపి తీసే హెచ్-ఇండెక్స్, పేపర్లు అచ్చైన పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల (పత్రిక వ్యాసాలకు వచ్చే సగటు సైటేషన్ల) కూడిక, చివరి గడిలో మార్కులు. మొదటి వరుసలో ఉన్నాయనకు 148 పేపర్లు. అడుగు నుంచి రెండో వరుసలో ఉన్నామెకు 19.

ఆమె లోపలికి వచ్చి కూర్చున్నాక మా సంభాషణ ఎనిమిది నిమిషాలు సాగింది. "ఇన్నేళ్లలో పంతొమ్మిదేనా అమ్మా?" అని బల్లకు ఆ చివర ఉన్న పెద్దాయన అడిగారు. "ఒక్కో పేపరుకు రెండు మూడు వానాకాలాలు పడతాయి సార్" అని ఆమె చెప్పింది. ఆ మాటను విడమరచి చెప్పమని నేనైనా అడగవలసింది, ఎందుకంటే ఆ గదిలో పురుగుల మీద పని చేసినవాణ్ని నేనొక్కణ్నే. కానీ నేను ఆమె రాసినవేవీ చదివి వెళ్లలేదు. మిగతా సభ్యులూ చదవలేదు. చదవాలని మమ్మల్ని ఎవరూ కోరలేదు. సాయంత్రానికి మార్కుల జాబితా కింద అందరితో పాటు నేనూ సంతకం పెట్టాను. ఆ సంతకం గురించే ఈ వ్యాసం.

ఇంటికి వచ్చాక ఆమె పేపర్లు వెతికి తీసుకుని ఒక్కొక్కటే చదివాను. ఆమె పని చేసింది వరిని పట్టే ఉల్లికోడు పురుగు మీద. ఓరుగల్లు చుట్టుపక్కల వరి పండించేవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర లేదు. వానాకాలంలో నాట్లు ఆలస్యమైన మడిలో దిగి చూస్తే, పచ్చని దుబ్బుల మధ్య కొన్ని పిలకలు ఆకు విప్పుకోకుండా ఉల్లికాడల్లా బోలుగా, తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. అలాంటి ఒక గొట్టాన్ని పీకి గోటితో నిలువునా చీలిస్తే లోపల పురుగో, ముదిరిన కోశమో దొరుకుతుంది. కొన్ని గొట్టాల కొసన సూది మొనంత రంధ్రం ఉండి, అందులోంచి ఖాళీ కోశం సగం బయటికి వేలాడుతూ ఉంటుంది. దోమంతటి ఆ ఈగ అప్పటికే ఎగిరిపోయిందని దాని అర్థం. పురుగు పిలక మొదట్లోని పెరిగే మొగ్గను తినడం వల్ల ఆకు తొడుగు గొట్టంలా మారిపోతుంది, ఆ పిలకకు ఇక కంకి రాదు.

దీన్ని తట్టుకునే వంగడాల చరిత్రలో వరంగల్‌కు పెద్ద స్థానమే ఉంది. ఈశ్వరకోర అనే దేశవాళీ రకాన్ని సంకరపరిచి ఇక్కడ రూపొందించిన డబ్ల్యు 1263 అనే వంగడంలోనే జీఎం1 అనే నిరోధక జన్యువును గుర్తించారు. అయితే పురుగు కూడా ఊరుకోదు. నిరోధక రకాలు పొలాల్లో విస్తరించిన కొద్దీ వాటిని జయించగల రూపాలు తలెత్తుతాయి. శాస్త్రజ్ఞులు వీటిని బయోటైపులు అంటారు. మన దేశంలో ఇలాంటివి ఏడింటిని గుర్తించారు, వరంగల్ ప్రాంతంలో ఉన్నదానికి 4ఎం అని పేరు. అంటే ఒక వంగడం ఇవాళ తట్టుకుంటున్నదన్న మాట వచ్చే వానాకాలానికి కూడా నిజమేనని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఎవరో ఒకరు ఏటేటా మడిలో దిగి, దుబ్బు దుబ్బుకూ గొట్టాలు లెక్కపెట్టి చూస్తూనే ఉండాలి.

ఆమె చేసిన పని అదే. నాకు బాగా గుర్తుండిపోయిన పేపరులో మూడు వానాకాలాల పాటు రైతుల పొలాల్లో వారం వారం వేసిన లెక్కలు ఉన్నాయి. నిరోధకమని అందరూ నమ్ముతున్న ఒక రకంలో కొన్ని ఊళ్లలో గొట్టాలు కనబడడం మొదలైందని, అదే రకం ముందుగా నాటిన మళ్లలో అంతగా దెబ్బతినలేదని, ఈ రెండు సంగతులను విడదీసి చూడకపోతే తప్పు నిర్ధారణకు వస్తామని ఆమె ఓపికగా చూపించింది. అందులో తొందరపడి చేసిన వాదన ఒక్కటీ లేదు. పత్రికేమో చిన్నది, దానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు. ఆ పేపరుకు అప్పటికి వచ్చిన సైటేషన్లు ఆరు.

ఆరే ఎందుకంటే, ఆ పేపరు అవసరమైనవాళ్లు పేపర్లు రాసేవాళ్లు కారు. ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, జగిత్యాల దగ్గర పొలాసలోనో, పెద్దపల్లి జిల్లా కూనారంలోనో వరి వంగడాలను తీర్చిదిద్దే శాస్త్రవేత్త అలాంటి పట్టికను చూసి తన సంకరాల్లో ఏ తల్లి రకాన్ని ఉంచాలో, దేన్ని తీసేయాలో నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయం ఎనిమిది, పదేళ్ల తరవాత విత్తన సంచిగా బయటికి వస్తుంది. జగిత్యాల సన్నాలు, కూనారం సన్నాలు, వరంగల్ సిద్ధి వంటి రకాలు ఉత్తర తెలంగాణ పొలాల్లో ఎంత విస్తీర్ణంలో పండినా, ఆ విస్తీర్ణంలో ఒక్క గుంట కూడా, సైటేషన్లు లెక్కపెట్టే స్కోపస్ డేటాబేసులో ఎవరి ఖాతాలోనూ పడదు. ఏ మండలంలో ఎప్పుడు నాట్లు వేయాలో చెబుతూ అధికారులు తెలుగులో వేసే కరపత్రమూ, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగమూ అంతే. జీవశాస్త్రంలో ఒక పని ఫలితం మరో పేపరులోకి కాక నేరుగా పొలంలోకి, ఆసుపత్రిలోకి, చెరువులోకి వెళ్లినప్పుడు సైటేషన్ దాని వెంట వెళ్లలేదు. ఈ ఒక్క సంగతి ఒప్పుకున్నా మన కమిటీల పద్ధతి మారవలసి వస్తుంది.

సైటేషన్ల లెక్క అసలు మనుషులను తూచడానికి పుట్టింది కాదు. 1955లో యూజీన్ గార్ఫీల్డ్ ప్రతిపాదించి, 1964లో మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఉద్దేశం, ఒక పేపరును ఆ తరవాత ఎవరెవరు ప్రస్తావించారో వెతుక్కునే వీలు కల్పించడం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికలను పోల్చి చూసుకోవడానికి వచ్చింది, గ్రంథాలయాలకు ఏ పత్రిక కొనాలో తేల్చుకోవడానికి అది పనికొచ్చింది. ఒక పత్రికలో గత రెండేళ్లలో అచ్చైన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది. అందులో నాలుగైదు పేపర్లకు వందల్లోనూ మిగతా వాటికి రెండు మూడూ వచ్చినా సగటు ఒకటే, ఆ సగటును ప్రతి పేపరు నెత్తిన కిరీటంలా పెట్టడం న్యాయం కాదు. పైగా రెండేళ్ల కిటికీ. మూడు వానాకాలాల లెక్కతో రాసిన పేపరును చదివిన మరొకరు తమ పొలంలో మరో మూడు వానాకాలాలు పరీక్షించి రాసేసరికి ఆ కిటికీ ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది.

హెచ్-ఇండెక్స్ 2005లో వచ్చింది. దాన్ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. ఒకరి పేపర్లలో కనీసం పదింటికి ఒక్కొక్కదానికి పది లేదా అంతకంటే ఎక్కువ సైటేషన్లు ఉంటే వారి సూచిక పది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒకరు మూడు పేపర్లే రాసి, వాటికి 400, 90, 4 చొప్పున సైటేషన్లు తెచ్చుకున్నారనుకోండి, వారి హెచ్-ఇండెక్స్ మూడు. ఇంకొకరు పన్నెండు పేపర్లు రాసి, ఒక్కోదానికి సరిగ్గా పన్నెండు తెచ్చుకుంటే వారిది పన్నెండు. మొదటివారి 400 సైటేషన్ల పేపరులో ఏముందో చదవకుండా రెండోవారు నాలుగు రెట్లు మేలని ఎవరైనా అనగలరా? ఆ రోజు మా ముందున్న షీటు అన్నది అదే.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 నిబంధనల్లో ఒక పట్టిక పెట్టింది. తోటి నిపుణుల సమీక్ష జరిగే పత్రికలో పేపరు వేసి, ఆ పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే అయిదు పాయింట్లు. ఒకటి లోపు ఉంటే పది. అక్కడి నుంచి పెరుగుతూ పది దాటిన పత్రికకు ముప్పై. పేపరులో ఏముందన్న ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు. మొక్కలకూ జంతువులకూ పేర్లు పెట్టి, వర్గీకరించేవారి సంగతి మరీ అన్యాయం. ఏటూరునాగారం అడవిలోనో, పాకాల చెరువు గట్టునో ఏళ్ల తరబడి తిరిగి ఒక జాతిని వర్ణించిన వ్యక్తి పేరును ఆ తరవాత రాసేవాళ్లు జాతి పేరు పక్కన రాస్తారు గాని, అతని అసలు వ్యాసాన్ని ఆధారాల జాబితాలో పెట్టరు. కాబట్టి అది లెక్కలోకి రాదు. జంతు వర్గీకరణలో ప్రపంచంలోనే అతి పెద్ద పత్రికల్లో ఒకటైన జూటాక్సాకు 2020లో, తన వ్యాసాలను తానే ఎక్కువగా ప్రస్తావించుకుంటున్నదంటూ, ఈ లెక్కలు కట్టే క్లారివేట్ సంస్థ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను నిలిపివేసింది. కొత్త జాతుల వర్ణనల్లో పెద్ద భాగం ఆ ఒక్క పత్రికలోనే వస్తుంటే, రాసేవారు దాన్నిగాక వేరే దేన్ని ప్రస్తావిస్తారని శాస్త్రవేత్తలు గట్టిగా నిలదీశాక కొన్ని వారాల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు.

ఎక్కువ సైటేషన్లు వచ్చినది గొప్ప ఆవిష్కరణ అని కూడా చెప్పలేం. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా ప్రస్తావించబడిన వంద పేపర్ల జాబితా వేసింది. మొదటి స్థానం 1951లో లౌరీ బృందం ద్రావణంలో ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి మీద రాసిన పేపరుది. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. రెండోది 1970లో లేమ్లీ రాసినది, అదీ ప్రొటీన్లను జెల్‌లో వేరు చేసే పద్ధతికి సంబంధించినదే. డీఎన్‌ఏ జంట మెలికల నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి పేపరు ఆ వందలో లేదు. పద్ధతిని వాడుకున్న ప్రతివారూ దాన్ని ప్రస్తావిస్తారు, మహా సత్యాన్ని కొన్నాళ్లకు పాఠ్యపుస్తకం మింగేస్తుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ తన సహచరులతో 1963లో ఇచ్చిన ప్రొటీన్ నిర్మాణ పటాన్ని నేటికీ "రామచంద్రన్ ప్లాట్" అనే పేరుతోనే వాడతారు, వాడిన ప్రతివారూ అసలు పేపరును ఆధారాల్లో చూపరు. పద్ధతి గొప్పది కాదని నా ఉద్దేశం కాదు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన, ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలల్లో నిత్యం వాడిన పద్ధతి. సంఖ్యకు అర్థం చెప్పేది పేపరులోని విషయమే.

సుబ్బారావు గారి పేరు వచ్చింది కాబట్టి, తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ గురించి కూడా చెప్పాలి. ఆధారాల జాబితాల్లో ఆయన పేరు "సుబ్బారావు వై" అని ఉంటుంది. ఆ "వై" ఆయన ఇంటిపేరు. చివర వచ్చే మాటే ఇంటిపేరని పాశ్చాత్య పద్ధతి అనుకోవడం వల్ల యల్లాప్రగడ అనే ఇల్లు ఒక్క అక్షరమై, సొంతపేరు వంశనామమై కూర్చుంది. నేటి డేటాబేసుల్లో "రెడ్డి ఎం", "రావు కె", "కుమార్ ఎస్" అని వెతికి చూడండి. ఒకే ఖాతాలో నలుగురి పేపర్లు, ఒకరి పేపర్లే నాలుగు ఖాతాల్లో. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళలకైతే కెరీర్ నడిమికి తెగిపోతుంది. ఆ రాత్రి నేను వెతుకుతుండగా బయటపడింది అదే. మా షీటులో ఆమె సైటేషన్లు తీసింది పెళ్లి తరవాతి పేరుతో ఉన్న ఖాతా నుంచి మాత్రమే. పీహెచ్‌డీ కాలంలో పుట్టింటి ఇనీషియల్‌తో రాసిన ఏడు పేపర్లు మరో ఖాతాలో ఉన్నాయి, వాటి సైటేషన్లు మా లెక్కలో చేరనే లేదు. 2012 నుంచి పరిశోధకులు ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే ఓర్కిడ్ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఉచితంగా అందుబాటులో ఉంది. నా దగ్గర పరిశోధనలో చేరే ప్రతి విద్యార్థితో మొదటి వారంలోనే అది తీయిస్తాను. అంతకు ముందు పదేళ్లు ఆ పని చేయించనందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఇంత చెప్పాక నా మిత్రులు తప్పకుండా అనే మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. "అంకెలు లేని రోజుల్లో ఏం జరిగేదో మనం చూడలేదా? ఎవరి మనిషి, ఎవరి కులం, ఎవరి చేత ఫోను చేయించాడు, ఇవే కదా నడిచింది. పల్లె నుంచి వచ్చిన, వెనక ఎవరూ లేని పిల్లవాడికి ఆ అంకె ఒక్కటే దిక్కు" అంటారు. ఇది నిజం. నేనూ అలాంటి పిల్లవాణ్నే. చదివి తీర్పు చెప్పమంటే, చదివానని చెప్పి తమవాడికి వేసుకునేవాళ్లు ఉంటారు. అంకెకు మొహమాటం లేదు కాబట్టి కొంతకాలం అది మమ్మల్ని కాపాడిందని ఒప్పుకుంటాను.

కానీ ఇప్పుడు అంకె కూడా ఆ రక్షణ ఇవ్వడం లేదు. సిఫారసు ఎంతకు దొరికేదో తెలియదు గాని, పేపరులో రచయితగా చోటు ఎంతకు దొరుకుతుందో వాట్సాప్ సందేశాల్లో బాహాటంగా వస్తున్నది. థీసిస్ సమర్పించే ముందు ఒక పేపరు అచ్చయి ఉండాలని యూజీసీ 2009, 2016 పీహెచ్‌డీ నియమావళులు పెట్టినప్పుడు డబ్బు తీసుకుని వారంలో వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. మంచి పత్రికలో సమీక్షకే ఏడాది పట్టేది, ఫెలోషిప్ గడువు ఆగేది కాదు. నా విద్యార్థి ఒకరు అప్పు తెచ్చి అలాంటి పత్రికకు డబ్బు కట్టినట్టు వైవా అయ్యాక నాకు తెలిసింది. ఆ పేపరులో ఉన్నది మంచి పని, ఇవాళ దాన్ని చూపించుకోలేకపోతున్నాడు. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒకేసారి 4,305 పత్రికలను తొలగించింది. తరవాత కేర్ అనే మరో ఆమోదిత పత్రికల జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తివేసింది. పేపరు తప్పనిసరి అన్న నియమం 2022లో పోయింది. జాబితాలు మార్చినంత మాత్రాన ఇది తేలదు. డబ్బున్నవాడు అంకెను కొనుక్కోగలిగిన చోట, వెనక ఎవరూ లేని పిల్లవాడికి అంకె దిక్కు కాదు. అతను రాసినదాన్ని చదివేవాళ్లు ఇద్దరు, అదీ తమ అభిప్రాయాన్ని కారణాలతో కాగితం మీద పెట్టేవాళ్లు, ఉంటేనే అతనికి దిక్కు. రాతపూర్వకమైన అభిప్రాయానికి జవాబుదారీ ఉంటుంది. రేపు దాన్ని ఎవరైనా అడిగి తీసుకోవచ్చు, పేపరుతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కలరా క్రిములను వడగట్టి తీసిన ద్రవంలోనే విషం ఉందని కుందేలు పేగు మీద చూపించి నేచర్ పత్రికలో రాశాడు. నేటి కలరా వైద్యపు అవగాహన దాని మీద నిలబడి ఉంది. చాలా ఏళ్ల పాటు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఆయన 1973లో ఉద్యోగ విరమణ చేశారు, 1985లో చనిపోయారు. మరుసటి ఏడాది, ఆ పేపరు గొప్పతనం గురించీ దానికి గుర్తింపు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాని గురించీ వివరంగా వ్యాసం రాసినవాడు ఎవరో కాదు, సైటేషన్ సూచికను సృష్టించిన గార్ఫీల్డే. తన సాధనం ఏం చూడలేదో ఆయనకు తెలుసు. దాన్ని వాడే మనం ఆ మాట మరిచిపోయాం.

బయటి దేశాల్లోనూ మన దేశంలోనూ దీని గురించి స్పష్టంగా చెప్పినవాళ్లు ఉన్నారు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణ జీవశాస్త్రవేత్తల సమావేశంలో రూపొందిన డోరా ప్రకటన, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వ్యక్తుల అంచనాకు వాడవద్దని కోరింది. 2018లో భారత జాతీయ విజ్ఞాన అకాడమీ తన విధాన ప్రకటనలో ఎన్ని, ఎక్కడ అన్నదాని కన్నా ఏం రాశారన్నది చూడాలని చెప్పింది. ఇవేవీ మన నియామక బల్లల దాకా రాలేదు.

పోయిన నెల మరో సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ఒక్కో అభ్యర్థి తనకు నచ్చిన మూడు పేపర్లను ఎంచుకుని ఇవ్వాలనీ, అవి పది రోజుల ముందు నాకు చేరాలనీ షరతు పెట్టాను. కొంచెం నసిగినా ఒప్పుకున్నారు. తొమ్మిదిమంది, ఇరవై ఏడు పేపర్లు. రోజూ సాయంత్రం రెండు మూడు చొప్పున చదివాను. ఒకతను వరంగల్ జిల్లా చెరువుల్లో గొర్రెలకు కార్జపు జలగను, అంటే కాలేయంలో చేరే పరాన్నజీవిని, అంటించే నత్తల మీద పని చేశాడు. అతని రెండో పట్టికలో ఒక చెరువుకు సంబంధించి రెండో ఏడాది గడులన్నీ దాదాపు సున్నాలే. పక్క చెరువులో అలా లేదు. పేపరులో దానికి వివరణ లేదు. ఇంటర్వ్యూలో నేను మొదట అడిగింది అదే. అతను ఒక్క క్షణం నా వైపు చూసి, సంచిలోంచి తడిసి ఉబ్బిన ఒక ఫీల్డు నోటుబుక్కు తీసి పేజీలు తిప్పాడు. "ఆ ఎండాకాలం మిషన్ కాకతీయలో ఆ చెరువు పూడిక తీశారు సార్. ఒండ్రుతో పాటు నత్తలు కూడా పొలాలకు పోయాయి. రాసి పంపాను, రివ్యూయరు ఆ పేరా తీసెయ్యమన్నాడు" అని, ఆ ఒండ్రు తోలుకున్న పొలాల్లో తరవాత తాను నత్తల కోసం ఎక్కడెక్కడ వెతికాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఛైర్మన్ గారు గడియారం చూడబోయి, ఆ నోటుబుక్కు ఇటివ్వమని చెయ్యి చాచారు.